మైలవరం మీదుగా అంగారకుడికి

ఆ రోజుల్లో మా బెజవాడలో టీవీ అంటే మద్రాసు వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కబురే తప్ప, కంటితో చూసినవాళ్లం కాము. అలాంటి కాలంలో ఒకే సాయంత్రం మూడు అంతరిక్ష నౌకలను ఆకాశంలోకి పంపినవాణ్ణి ఈ జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే. (మూడు అన్నాను కదా, నిజానికి ఒక్కటే. అదీ మైలవరం నాటకాల పోటీలో, స్టేజీకి ఈ కొసనుంచి ఆ కొసకు కట్టిన తీగ మీద. ఆకాశం అంటే నీలం దుప్పటి.)

మాది కొల్లేట్లో చేపలు పట్టి బెజవాడలో అమ్మే కుటుంబం. "ఈ నాటకానికి గనక జనం గోల చేశారంటే, తెల్లారి వల భుజానేసుకుని నాతో రావాల్సిందే" అని మా నాన్న తేల్చేశాడు. ఎలాగైనా ఎగరేసి తీరాలని నేనూ పట్టుబట్టాను. నాటకంలో భూమి నౌకకూ అంగారకుడి నౌకకూ యుద్ధం. చంద్రుడి నౌక వచ్చి విడదీయాలి. (అంగారకుడి రాణి మా అక్క. ఇంట్లో చేసే పెత్తనమే అక్కడా చేయాలి కాబట్టి రిహార్సలు కూడా అక్కర్లేదన్నాం.) ఇబ్రహీంపట్నంలో రేకు పని చేసే భాయి ఒక నౌక చేసిచ్చి, "ఇంకోటి అడగమాకు బాబూ, పెళ్లిళ్ల సీజను, ట్రంకుపెట్టెలకే రేకు చాలట్లా" అన్నాడు. అప్పుడు మద్రాసులో టీవీ చూసొచ్చిన మా బావ ధైర్యం చెప్పాడు. "పిచ్చోడా, ఫారిన్ సీరియళ్లలోనూ అంతేరా. ఉండే బొమ్మ ఒకటే. రంగు మార్చి, తిరగేసి, ఈ వారం మనోళ్లదంటారు, వచ్చే వారం శత్రువులదంటారు. ఎవడు చూడొచ్చాడు?" ఆ మాట పట్టుకుని నౌకకు ఒక పక్క వెండి రంగు, రెండో పక్క ఎరుపు పూశాను. ఎడమనుంచి వెళ్తే భూమి, కుడినుంచి వస్తే అంగారకుడు. (మూడో రంగుకు పక్క మిగల్లేదు. చంద్రుణ్ణి నాటకంలోంచి తీసేశాం.)

భూమి నౌక బ్రహ్మాండంగా వెళ్లింది. అంగారకుడి నౌక వచ్చేసరికి సరిగ్గా మధ్యలో తీగ సాగి, నౌక ఆగిపోయి, మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. వెండి, ఎరుపు, మళ్లీ వెండి, మళ్లీ ఎరుపు. తెర దించుదామా అంటే, ఆ పోటీల్లో మధ్యలో తెర దించిన నాటకాన్ని లెక్కలోకే తీసుకోరు. "ఒరేయ్, ఇంతకీ ఎవళ్లదిరా ఆ బండి?" అన్నాడు వెనకనుంచి ఒకడు. ఈలలు మొదలయ్యాయి. ముందు వరసలో మా నాన్న లేవబోతూ కండువా సర్దుకుంటున్నాడు. అప్పుడు నేను ఏమాత్రం తొణక్కుండా స్టేజీ మధ్యకు నడిచి, "ప్రజలారా, రెండు గ్రహాలూ రాజీపడ్డాయి. ఇకనుంచి ఉమ్మడి నౌక" అని ప్రకటించాను. పందిరంతా నవ్వింది, ఆపైన చప్పట్లు. మర్నాడు కొల్లేటికి బయలుదేరుతూ నాన్న, "నువ్వు రానక్కర్లేదులే" అని ఒక్కమాట అన్నాడు. నాలోని కళాకారుణ్ణి ఆయన గుర్తించింది ఆ క్షణంలోనేనని నమ్ముకుని, ఇన్నేళ్లూ ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

ఇంతవరకు రాసి మా అక్కకు చదివి వినిపించాను. ఆవిడ వక్క నములుతూ చివరిదాకా విన్నది.

"రాజీ మాట చెప్పింది నేనురా. నువ్వు దుప్పటి వెనకాల తీగ పట్టుకుని ఒణుకుతున్నావు. నాన్న రావద్దన్నది నీ కళ చూసి కాదు. తీగ తిన్నగా కట్టటం రానోడి చేతికి వల ఇస్తే, పడిన చేపలు కూడా పోతాయని అమ్మతో అన్నాడు."