కనెక్ట్ అయింది: వచ్చేశా

నేను పెంచి చెప్తాను. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది. ఎలకను చూసి ఏనుగని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మా ఆవిడ దీనికి తగ్గ మందు కనిపెట్టింది. నేను ఏనుగంటే ఆవిడ చీపురు తీసుకుని ఎలకను వెతుకుతుంది. ఎలకంటే అటు తిరిగి పడుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో ఒక్కచోట అచ్చంగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెప్తాను.

మాది ప్రగతి నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌. మొదటి అంతస్తులో ఉంటాం, మా కింద సెల్లార్. మా వంటింటికీ పక్క ఫ్లాట్ వంటింటికీ మధ్య బిల్డర్ గాలి కోసమని ఒక డక్ట్ వదిలాడు. దాంట్లోంచి గాలి తప్ప అన్నీ వస్తాయి. వాళ్లు పోపు వేస్తే మేం తుమ్ముతాం. మేం పోట్లాడుకుంటే వాళ్లు మిక్సీ ఆపి వింటారు.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీకి మాన్యువల్స్ రాస్తాను. మీరు రౌటర్ కొన్నప్పుడు పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది, చూడకుండానే అవతల పారేస్తారు, అది నా రచన. ఇన్ని ఇళ్లకు చేరి కూడా ఒక్కడూ చదవని రచయిత భూమండలంలో నేనొక్కణ్ణే. ఎవరూ చదవరు కాబట్టి నాకెంత తెలుసో ఎవరికీ తెలియదు. అందుకే అపార్ట్‌మెంట్‌లో ఎవరి వైఫై మూలిగినా మా తలుపే తడతారు.

పక్క ఫ్లాట్‌లో కడప నుంచి వచ్చిన భార్యాభర్తలుండేవారు. పిల్లలు లేరు. ఆయన నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడలో సాఫ్ట్‌వేర్. ఆ మేడ ఎంత ఎత్తంటే, పై అంతస్తులో వాన వెలిశాక గానీ కింద షేర్ ఆటోవాళ్ల మీద చినుకు పడదు. ఆయన మాత్రం నేల మీద నడిచే మనిషి. గృహప్రవేశం రోజు ఒక చేత్తో సత్యనారాయణ వ్రతం ప్రసాదం, ఇంకో చేత్తో వైఫై పాస్‌వర్డ్ పంచాడు.

"మంచినీళ్లడిగితే లేదంటామా సార్? ఇదీ అంతే" అన్నాడు.

ఆ పాస్‌వర్డ్ ఆయన ఫోన్ నంబరే. పంతులుగారు దక్షిణ కంటే ముందు దాన్ని అందుకున్నారు. వంటవాళ్లు, షామియానా వాళ్లు, పూలు తెచ్చినావిడ, అందరూ టైప్ చేసుకున్నారు. వారం తిరిగేసరికి మా పక్కనున్న చెరువు మీది కొంగలు కూడా మా పిట్టగోడ మీద వాలి రీల్స్ చూసి పోతున్నాయని నేను ప్రచారం చేశాను. అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా ఆయన నవ్వాడు.

ఆయన వాళ్లావిడ ఫోన్‌లో ఒక యాప్ పెట్టాడు. ఇంటి వైఫైకి ఏ వస్తువు తగులుకున్నా అందులో దాని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, ఫోన్ టింగుమంటుంది. ఆయన కారులో ఉన్న తెరకు కూడా వైఫై ఉంది. యాప్‌లో దానికి ఆయన పెట్టిన పేరు "వచ్చేశా". సాయంత్రం కారు సెల్లార్ వాలులోకి దిగగానే, సరిగ్గా పైనున్న వాళ్లింటి వైఫై దానికి అందేది. ఆమె ఫోన్‌లో మెసేజ్ పడేది. "కనెక్ట్ అయింది: వచ్చేశా."

పెనం పొయ్యి మీదికెక్కేది అప్పుడే. ఎర్రకారం దోసె పెనం మీంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి నోట్లోకి పోవాలి, మధ్యలో ఊపిరి పీల్చుకోకూడదు. అదీ ఆయన సిద్ధాంతం. కారు పెట్టి, వాచ్‌మన్‌తో కాస్త రాజకీయం మాట్లాడి, మెట్లెక్కి, చెప్పులు విడిచేసరికి మొదటి దోసె అంచులు లేచేవి. ఆ వాసన డక్ట్‌లోంచి మా ఇంటికి వచ్చేది. మా ఆవిడ గడియారం చూడటం మానేసింది.

"పక్కింటాయన వచ్చేశాడు, మీరింకా లుంగీలోనే ఉన్నారు" అనేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసులో కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఇక్కడ నేను పెంచడానికి ఏమీ లేదు.

కారు ఆఫీసు పార్కింగ్‌లోనే ఉండిపోయింది. దహనమైన మర్నాడు సాయంత్రం, ఆయనతో పనిచేసే ఒకాయన దాన్ని తెచ్చి సెల్లార్‌లో పెట్టాడు. అప్పుడు మేమూ, వాళ్ల చుట్టాలూ హాల్లో చాప మీద కూర్చుని ఉన్నాం. ఆమె ఫోన్ టింగుమంది. ఆమె లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి పెనం పెట్టి పొయ్యి వెలిగించింది. మైలలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, తిండి మేమే పంపుతున్నాం. చుట్టాల్లో పెద్దావిడ ఒకామె పరుగున వెళ్లి గ్యాస్ కట్టేసి, ఆమెను పట్టుకుని గొల్లుమంది. ఆమె మాత్రం ఏడవలేదు. ఖాళీ పెనం వంక చూస్తూ నిలబడింది.

కారు కళ్లెదుట ఉంటే మనిషి తేరుకోదని చుట్టాలు తీర్మానించారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు. ఆ గ్రూపులో విరిగిన కుర్చీ పెట్టినా పెళ్లికూతురికొచ్చినన్ని సంబంధాలొస్తాయి. నాలుగో అంతస్తు అబ్బాయి కొనేశాడు. అతనికి మదీనాగూడలో టైల్స్ షాపుంది. ఆ విధంగా, కళ్లెదుట ఉండకూడదని అమ్మిన కారు అదే సెల్లార్‌లో, నాలుగు గజాలు జరిగి, ఇంకో స్తంభం పక్కన నిలబడింది. అతను దాన్ని కడిగించాడు, సీటు కవర్లు మార్చాడు, అద్దానికి తన దేవుణ్ణి వేలాడదీశాడు. కారు తెర పాత వైఫైని గుర్తుపెట్టుకుంటుందని, దాన్ని చెరపాలని కొన్నవాడికీ తట్టలేదు, అమ్మినవాళ్లకీ తట్టలేదు. అలాంటి జాగ్రత్తలన్నీ మాన్యువల్స్ చివరి పేజీల్లో ఉంటాయి. ఎవడు చదువుతాడు?

కొన్నాళ్లకు సాయంత్రాలు డక్ట్‌లోంచి దోసె వాసన మళ్లీ మొదలైంది. "పోనీలెండి, తింటోంది" అంది మా ఆవిడ. అంతకు మించి మేం ఆలోచించలేదు.

ఆ తర్వాత పోలీసులొచ్చారు. సైబర్ క్రైమ్ వాళ్లు, మామూలు బట్టల్లో ఇద్దరు. మా అపార్ట్‌మెంట్ కబుర్లలో అది ఒక బెటాలియన్. ఆమె మా తలుపు కొట్టి నన్ను తోడు పిలిచింది.

"ఈ కనెక్షన్ మీ ఆయన పేరు మీదున్నదమ్మా. జర ఆయన్ని పిలువుండ్రి" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

ఆమె గోడ వైపు చెయ్యి చూపింది. దండ వేసిన ఫొటోలో ఆయన కొంగల జోకుకు నవ్వినట్టే నవ్వుతున్నాడు.

పెద్దాయన ఫొటోకు దండం పెట్టాడు. గొంతు తగ్గించాడు. "ఎవడో మీ వైఫై వాడుకొని, కరెంటు కట్ చేస్తమని ముసలోళ్లకు దొంగ మెసేజ్‌లు పంపిండమ్మా. మీరు చేసిన్రని అంటలేము. గని వెతుక్కుంట వస్తే దొరికేది మీ ఇల్లే గదా. పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

నాకు కొంగలు గుర్తొచ్చాయి. ఈసారి నవ్వు రాలేదు.

"ఇయ్యాలనే మార్చుండ్రి. మళ్ల గిట్లయితే మాతోని గూడ ఏం కాదు" అని చెప్పి వెళ్లారు.

ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. యాప్ తెరిచాను. పేర్లు దిగుతూనే ఉన్నాయి. జరిపీ జరిపీ నా బొటనవేలి మీద గీతలు అరిగిపోయి ఆధార్‌కు కూడా పనికిరాకుండా పోయింది. ఒకటీ రెండూ తప్ప అందులో ఆ ఇంటివేవీ లేవు. పోయినాయన మంచితనమంతా ఆకుపచ్చ చుక్కలై, ఆమె తలుపు ఎవడైనా తోసుకుని రావచ్చన్నట్టు వెలుగుతోంది.

"పాస్‌వర్డ్ మారిస్తే ఇవన్నీ ఒక్క దెబ్బకు పోతాయమ్మా" అన్నాను.

"అన్నీనా అన్నా?"

"అన్నీ."

"వచ్చేశా కూడానా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నా పక్కకొచ్చి వేలితో ఆ పేరు చూపించింది.

"కారన్నా అది. పైన ఆయప్పకు ఇచ్చినాం గదా. ఇంకా మన వైఫైకే తగులుకుంటాంది. సాయంత్రం ఆయప్ప షాపు నుంచి వస్తానే నాకు మెసేజ్ పడుతాది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"చెప్తే తీసేస్తారని చెప్పలేదు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకు పిచ్చి పట్టిందనుకోవద్దన్నా. అది కారని తెలుసు. వచ్చేది ఆయన కాదనీ తెలుసు. కానీ అది పడితేనే లేసి పొయ్యి ముట్టిస్తా. ఒక దోసె పోస్తా. నేనే తింటా. పడకుంటే యాడ కూర్చున్నదాన్ని ఆడ్నే కూర్చుంటా. ఆదివారం ఆయప్ప షాపుకు పోడు. ఆదివారం రాత్రి నాకు తిండి లేదు."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆదివారాలు డక్ట్ ఎందుకు ఊరుకునేదో మాకు అప్పుడు తెలిసింది.

"అదొక్కటి ఉండేటట్టు చేయలేవా అన్నా? పుస్తకాలు రాస్తావు గదా నువ్వు."

చేయడానికి ఒకటే దారి. పాస్‌వర్డ్ మార్చాక, కొత్తది ఆ కారు తెరలో కారు సొంతదారే టైప్ చెయ్యాలి. అంటే అతనికి అంతా చెప్పాలి. అదే చెప్పాను.

ఆమె ఫొటోకున్న దండ సరిచేసింది. "అడుగన్నా. ఒప్పుకుంటే సరి, లేకుంటే లేదు. పోలీసోళ్లు మళ్లా వచ్చి ఆయన్ను పిలువు అంటే మాత్రం నేను చెప్పలేను."

పాస్‌వర్డ్ మార్చేశాను. చుక్కలన్నీ ఒకేసారి ఆరిపోయాయి. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వెళ్లాను. అతను అప్పుడే షాపు నుంచి వచ్చి మొహం కడుక్కుంటున్నాడు. అంతా విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కళ్లు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"గింత చిన్న పనికి అడుగుడేందన్నా? పా" అని నా కంటే ముందు మెట్లు దిగాడు. కారులో కూర్చుని, నేను ఒక్కో అక్షరం చెప్తుంటే తెర మీద నొక్కాడు. పైన టింగుమంది. కాసేపటికి ఎర్రకారం వాసన సెల్లార్ దాకా దిగింది. "ఆదివారం గూడ ఒక చక్కర్ కొట్టొస్త. ఫికర్ చెయ్యొద్దని అక్కకు చెప్పు" అన్నాడు.

నేను కల్పించింది ఇదే.

కొంగలు, బెటాలియన్, అరిగిన బొటనవేలు, అన్నీ పెంచినవి. ప్రతిదాని కిందా ఎక్కడో ఒక ఎలక ఉంది. అతను కారులో పాస్‌వర్డ్ నొక్కిన చోట మాత్రం ఎలక కూడా లేదు.

అసలు జరిగింది వేరు. అతను సగం వినగానే ఇంట్లోకి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి, వరండాలోకి వచ్చాడు.

"మెల్లగన్నా. మా ఇంట్లామె కడుపుతోనున్నది." మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఏందన్నా గిది? నేను దినాం ఇంటికొస్తుంటే, పోయినాయన వచ్చిండని నా కారు చెప్తున్నదా?"

"వచ్చాడని కాదు, అది ఊరికే ఒక పేరు..."

"ఏం పేరు?"

చెప్పాను. అతను గోడకు ఆనుకున్నాడు.

"గా కార్లనే ఆమెను దవాఖానకు తీస్కపోతున్న. అక్క బాధ నాకు తెల్వదా అన్నా? ఆయనతోని ఎన్నిసార్లు చాయ్ తాగిన! గని ఇది నాతోని కాదు. ఇంట్ల తెలిస్తే ఇగ పరేషాన్. నన్ను మాఫ్ చెయ్యమను."

మర్నాడు కారు సర్వీసింగ్‌కు వెళ్లి, తెర మొత్తం చెరిపించుకుని, ముందు నిమ్మకాయలు కట్టించుకుని తిరిగొచ్చింది. అతణ్ణి ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు.

ఆమెకు చెప్పాను. "సరేన్నా" అంది. యాప్‌లో ఆ పేరు ఇంకా ఉంది, చుక్క బూడిదరంగుకు తిరిగింది. అది కూడా తీసెయ్యనా అని అడిగితే, ఫోన్ నా చేతిలోంచి మెల్లిగా లాక్కుంది.

ఆ సాయంత్రం కారు సెల్లార్ వాలు దిగిన చప్పుడు నాకూ మా ఆవిడకూ వినబడింది. డక్ట్ కిటికీ దగ్గర నిలబడ్డాం. ఏ వాసనా రాలేదు. మా ఆవిడ తనే పెనం పెట్టి, దోసె పోసి, మూత పెట్టి పక్కింటికి తీసుకెళ్లింది. గిన్నె అలాగే వెనక్కి వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ రోజూ తీసుకెళ్తూనే ఉంది.

"తిందా?" అని అడుగుతాను.

"మొత్తం తినేసింది" అంటుంది మా ఆవిడ, గిన్నె నాకు కనబడకుండా సింకులో పెడుతూ.

ఆవిడ ఏనుగంటే ఎలకను వెతుక్కోవలసిన వంతు ఇప్పుడు నాది.