మేత సంచి దగ్గర వల

కలిదిండిలో లక్ష్మీదుర్గ పేరెత్తితే మగవాళ్లు ముందు ఒక నిట్టూర్పు విడుస్తారు. "ఆవిడతో మనకెందుకండీ" అంటారు. నేను ఆమెతో కలిసి ఏలూరులో బీకాం చదివాను, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతున్నాను. వాళ్ల నిట్టూర్పుకు కారణం నాకు బాగా తెలుసు. ఆమె ఎవరి మాటనూ ముఖం చూసి నమ్మదు.

డిగ్రీ అయిన ఏడాదే ఆమెకు పాపారావుతో పెళ్లయింది. పాపారావు మంచివాడు. ఎవరేం చెప్పినా అవునంటాడు, ఆయనతో చిక్కల్లా అదే. వరి పొలం ఆయన చూసుకుంటే, లీజుకు తీసుకున్న చేపల చెరువు ఆమె చూసుకుంటుంది. ఆడది గట్టు మీద నిలబడి చేపలు పట్టించడమేమిటని నవ్వినవాళ్లున్నారు. ఆమె వాళ్లకు జవాబూ చెప్పలేదు, గట్టూ దిగలేదు.

కిందటి వేసవిలో ఆ చెరువుకే ఎసరు పెట్టాడు ఆమె తమ్ముడు తాతాజీ. తాడేపల్లిగూడెంలోనే ఎరువుల కొట్టు నడుపుతాడు గానీ, బస్తాల కంటే ఫోనులో షేర్ల ధరలే ఎక్కువ చూస్తాడు. వాడి పద్ధతి చాలా తేలిక. వరుసగా రెండు రోజులు పడిన షేరును మూడో రోజు కొనాలి, కాస్త లేవగానే అమ్మాలి, లేవకపోయినా వారం దాటనివ్వకుండా అమ్మేయాలి. కొన్నాళ్లుగా లాభాలే వస్తున్నాయట. అందుకని లీజుకూ చేపపిల్లలకూ దాచిన డబ్బంతా ఒక్క ఏడాది తన చేతిలో పెట్టమని బావను అడిగాడు. బావ అవునన్నాడు. లీజు కట్టకపోతే చెరువు యజమాని మర్నాడే ఇంకొకరికి ఇచ్చేస్తాడు, అది మళ్లీ ఆమె చేతికి రాదు. ఆ సంగతి బావకూ, బావమరిదికీ ఇద్దరికీ తెలుసు.

"ఎండలో ఆ కష్టం నీకెందుకక్కా? ఇంట్లో కూర్చుని సంపాదించుకోవచ్చు" అన్నాడు తాతాజీ.

"కష్టమని నేనన్నానా? నీ పద్ధతి పనికొస్తుందో లేదో చూశాకే డబ్బు మాట. ఆదివారం లెక్కలు పట్టుకురా."

ఆ ఆదివారం నన్నూ పిలిపించింది. గట్టు మీది రేకుల షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. తాతాజీ కొన్ని షేర్ల మీద తన పద్ధతిని పాత ధరలతో నడిపి చూపించాడు. అన్నీ లాభాలే. నిజం చెప్పొద్దూ, నేను బుట్టలో పడిపోయాను. నా జీతంలోంచి ఎంత పెట్టవచ్చా అని కూడా ఆలోచించాను. పాపారావు ముఖం వెలిగిపోతోంది.

"ఈ షేర్లు ఎలా ఎంచావురా?" అంది లక్ష్మీదుర్గ.

"బాగా పెరిగినవేనక్కా. ఎవరైనా అవేగా కొంటారు?"

"పెరిగాయని ఇప్పుడు తెలిసింది. కొనే రోజున తెలుస్తుందా?"

ఆమె చెరువు వైపు చెయ్యి చూపించింది. మా వైపు చేపల మేతను కన్నాలు పొడిచిన సంచుల్లో పోసి, నీళ్లలో పాతిన కర్రలకు కడతారు. బలంగా పెరిగిన చేపలు తోసుకుంటూ వచ్చి అక్కడే మూగుతాయి. అక్కడ వల విసిరితే చెరువంతా పెద్ద చేపలే అనిపిస్తుంది. అంతకు ముందు ఏడాది, అక్క ఊళ్లో లేనప్పుడు, తాతాజీ అదే పని చేసి, అన్నీ పెద్ద చేపలేనని చేపలు కొనే మత్తయి గారికి మాటిచ్చేశాడు. తీరా పట్టిన నాడు సగం చేపలు చెరువులో వదిలిన పిల్లలకన్నా కాస్త మాత్రమే పెద్దవి. పోయింది మాత్రం ఆమె మాట.

"మళ్లీ మేత సంచి దగ్గరే వల వేశావు. మూలమూలనా వెయ్యి."

వేయించింది. పెరిగిన షేర్లూ, మునిగినవీ, మార్కెట్లోంచే మాయమైపోయినవీ అన్నీ కలిపించింది. మంచి సంవత్సరాల పక్కన చెడ్డ సంవత్సరాలు పెట్టించింది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ పోయే బ్రోకరేజీ, పన్నులు ప్రతిసారీ తీసేయించింది. ఆ చాకిరీ నా మెడకు చుట్టుకుంది, తర్వాతి ఆదివారం దాకా తెమల్లేదు. చివరికి మిగిలింది బ్యాంకు వడ్డీ కన్నా తక్కువ. వచ్చిన లాభంలో చాలామటుకు ఆ చిల్లర ఖర్చులే తినేశాయి.

"లెక్కలతో భయపెట్టకక్కా. నాకు డబ్బు కళ్ల ముందు కనబడుతోంది" అన్నాడు తాతాజీ.

"కనబడేది నీది, నీ ఇష్టం. చెరువు నాది. ఏవండీ, రేపు లీజు కడుతున్నాను."

పాపారావు అలవాటు కొద్దీ అవునన్నాడు.

కథయితే ఆ మర్నాడే మార్కెట్ కూలిపోవాలి. కూలలేదు. దసరా దాటినా లేస్తూనే ఉంది. తాతాజీ కొత్త బండి కొన్నాడు. పెళ్లిళ్లలో చుట్టాలు ఆమెను చూసి, ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుందని చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆమె మాత్రం తమలపాకుకు సున్నం రాసుకుంటూ, అందరికీ వినబడేలా అంది: "మార్కెట్టంతా లేస్తుంటే కళ్లు మూసుకుని కొన్నా లేస్తుంది. దానికి పద్ధతెందుకండీ?"

మాఘంలో చేపలు చూడటానికి మత్తయి గారు వచ్చారు. తాతాజీ కూడా కొత్త బండి మీద వచ్చాడు. వల పట్టుకున్న మనిషి నేరుగా మేత సంచుల వైపు నడిచాడు. అక్కడ వేస్తే మంచి ధర పలుకుతుంది, లక్ష్మీదుర్గ నోరు మూసుకుంటే చాలు. ఆమె నిజంగానే మూసుకోవాలని నేను కోరుకున్నాను.

"అక్కడ కాదండీ, ఆ దూరపు మూలకి పదండి" అంది.

వల పైకొచ్చింది. అన్నీ చిన్న శీలావతి చేపలే. మత్తయి గారు పెదవి విరిచారు. తాతాజీ పగలబడి నవ్వాడు.

"ఏంటక్కా, మూలన వేస్తే నీ చెరువూ ఇంతేగా!"

"ఇంతేరా. చూశాను, ఒప్పుకున్నాను. నువ్వు నీ లెక్కలు చూసి కూడా ఒప్పుకోలేదు." ఆమె వల మనిషి వైపు తిరిగింది. "రెండో మూలనా వెయ్యండి."