పెద్దోడి అమ్మ

పొద్దున్న మనవరాలు ఫోను చూసి, చరిత్ర మాస్టారు పోయారంట మామ్మా అంది. ఎర్రజెండా మనిషి, ఊరూరా తిరిగి పాతకాలం రైతుల పోరాటాలన్నీ పుస్తకంగా రాసిన మనిషి. నాకు సంతకం తప్ప అక్షరం ముక్క రాదు గానీ, ఆ పుస్తకం మాత్రం సగం నోటికే వచ్చు.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి నేనూ మా అత్తా మందస నుంచి బస్సెక్కి వెళ్ళే రోజులవి. మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయి ఏడాది కాలేదు. షెడ్డులో కాస్త చదువుకున్న పిల్ల ఒకర్తె ఆ పుస్తకం పైకి చదువుతుంటే మేమంతా చేతులాడిస్తూ వినేవాళ్ళం, చదివే పిల్లకి కూలి తూకం తగ్గకుండా తలా గుప్పెడు పప్పు ఆమె చాటలో వేసేవాళ్ళం. ఒకరోజు మా ఊరి పేరొచ్చింది. జమీందారు మనుషులు ధాన్యం తోలుకుపోబోతే మగవాళ్ళు అడ్డుపడ్డారని ఉంది. అత్త చెయ్యి ఆగిపోయింది.

"మగోలా? ఆలంతా కొండెక్కీసి దాక్కున్నారే! పెద్దోడిని సంకనేసుకుని కుప్ప మీద కూకున్నది నేను గాదేటి?"

"మాకేటి సెప్తావు అత్తా, రాసిన ఆ బాబుకే సెప్పు," అంది చదివే పిల్ల. అందరం నవ్వాం.

పెద్దోడంటే మా ఆయనే, ఆ ధాన్యం గొడవప్పటికి చంటిపిల్లాడు.

అత్త నవ్వలేదు. టెక్కలి సభకి ఆ మాస్టారు వస్తే, నేను కొంగు పట్టి లాగుతున్నా వినకుండా లేచి నిలబడి, అంతమందిలో అడిగేసింది. ఆయన వేదిక దిగొచ్చి, ఆమె ఎదుట నేలమీద కూర్చుని, తప్పు నాదేనమ్మా అని, మొదట్నించీ చెప్పించుకుని రాసుకున్నారు. చివర్న పేరడిగితే, పెద్దోడి అమ్మని బాబూ, అంది. ఆమె పేరు నేను చెప్పొచ్చు, పక్కనే ఉన్నాను. పట్టుకున్న కొంగు వదిలేసి, ఆ పేరే ఉండనిచ్చాను.

తర్వాతి అచ్చులో ఆ పేజీ మారింది, ఆమె చెప్పినది చెప్పినట్టే వేశారు. అత్త మూడుసార్లు చదివించుకుంది. ఆ పేజీ చూపించే మా కూలీల సంఘం మీటింగుల్లో మొదట మైకు ఆడవాళ్ళ చేతికి తెచ్చుకున్నాం, షెడ్డులో పసిపిల్లలకి ఉయ్యాలలు కట్టించుకున్నాం.

ఇప్పుడు యంత్రాల రొదలో పక్కమనిషి మాటే వినపడదు, ఇంక చదివేదెవరు, వినేదెవరు. అత్త ఎప్పుడో పోయింది, ఈరోజు ఆయనా పోయారు. ఆ పుస్తకం ఎక్కడో కాలేజీల్లో చదువుతారంట. కుప్ప మీద కూర్చున్నది పెద్దోడి అమ్మ అని చదువుకుంటారు, మంచిదే. ఆ పెద్దోడు ఎవరో, ఎలా నవ్వేవాడో, అది మాత్రం ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.