ఎవాంథియమ్మ సోమవారాలు

ఉడికించి గుడ్డ మీద ఆరబెట్టిన గోధుమలను స్ట్రాటిస్ గుప్పెట్లో నలిపి చూశాడు. తడి లేదు. అయినా మళ్ళీ చూశాడు. ఎవాంథియమ్మ పోయిన నలభయ్యో రోజుకు పంచే తీపి గోధుమలు, కోలివా మరి.

ఆవిడకున్నది ఒకటే పిచ్చి. వోలోస్ ఊళ్ళో ఎవరెవరో పోతే, ముఖమైనా ఎరగకపోయినా, శనివారం జరిగే నలభయ్యో రోజు ప్రార్థనకు శ్మశానం చర్చికి వెళ్ళేది. అక్కడ పంచే తీపి గోధుమలు తినేది. సోమవారం పొద్దున్నే రొట్టె కోసం దుకాణానికొచ్చి, ఆ గోధుమలు చేసిన స్ట్రాటిస్‌ను పట్టుకునేది.

"ఏమయ్యా, మొన్న ఆ పడవ సరంగు గోధుమలు పలుకుగా ఉన్నాయి. పైలోకంలో ఆయనకు పళ్ళున్నాయో లేదో కనుక్కున్నావా?"

"ఆయన మీకు తెలుసామ్మా?"

"తినేదాకా తెలీదు."

ఇంకో సోమవారం: "దాల్చినచెక్క అంత దంచిపోశావేం? ఏడుద్దామని కూచుంటే తుమ్ములొచ్చాయి. ఫాదర్ పోయినాయన్ని వదిలేసి నాకు ఆయుష్షు పోశాడు!"

పదిహేనేళ్ళలో ఒక్కసారీ బాగుందనలేదు. పోయిన చలికాలం వేలు చూపించి మరీ బెదిరించింది. "నా పళ్ళెంలో తప్పు చేశావో, లేచొస్తాను."

ఆవిడ పోయాక కూడా సోమవారం రొట్టె ఒకటి పక్కన పెట్టడం స్ట్రాటిస్ మానలేకపోయాడు.

గోధుమలు పళ్ళెంలో పోసి, పైన వేయించిన పిండి పరిచి, పంచదార పొడి పోసి, కాగితంతో అదిమాడు. ఏదో ఒక తప్పు చేస్తే? నిజంగానే లేచొస్తుందేమో! చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆవిడ పేరులో మొదటి అక్షరాన్ని వెండిరంగు మిఠాయి పూసలతో పేర్చసాగాడు.

పళ్ళెం కోసం ఫాదర్ అనెస్టిస్ వచ్చాడు.

"రేపు ఎంతమంది వస్తారు ఫాదర్?"

ఆయన నవ్వాడు. "ఆవిడా శుక్రవారం శుక్రవారం ఇదే అడిగేది. పదిమంది అంటే, 'అయితే నేనెందుకు?' అనేది. ఎవరూ లేరంటే మాత్రం నాకంటే ముందొచ్చి కూచునేది. ఆ సరంగుకు ఆవిడొక్కతే."

స్ట్రాటిస్ తల వంచుకున్నాడు. దిక్కులేనివాళ్ళ కోసం చర్చి చేయించే పళ్ళేలకు, తినేదెవరులే అని, ఒకప్పుడు అతను గోధుమలు సరిగా ఆరనిచ్చేవాడే కాదు. ఆవిడ సోమవారాలు మొదలయ్యాకే చెయ్యి దారికొచ్చింది.

"మరి రేపు ఆవిడకి?"

"ఎవరున్నారు? నేనూ, కొవ్వొత్తీ."

స్ట్రాటిస్ చివరి పూస పెట్టాడు. "నేనొస్తాను ఫాదర్. తిని చూడాలి. సోమవారం నాకు తప్పు చెప్పేవాళ్ళు ఒకరుండాలిగా."

పళ్ళెం ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాడు.

"కుదపకండి. అక్షరం చెదిరితే ఆవిడ ఊరుకోదు."