సిగ్గుపడుతూ ఇచ్చిన నాడా

మా హేతువాద సంఘం పెద్దాయన గుర్రపు నాడా ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముఖం గోడవైపు తిప్పుకునేవారు.

పెళ్లి ఊరేగింపుల్లో ముసలిదైపోయిన నల్ల గుర్రాన్ని యజమాని సారపాక రోడ్డు మీద వదిలేస్తే, ఆయన ములకలపల్లిలో తన ఇంటికి తెచ్చుకుని సాకారు. దాని మేతకు తలా కాస్త సాయం చేయమని సభలో అడిగితే మేమంతా చప్పట్లు కొట్టాం. గడ్డి ఎవరూ పంపలేదు.

నల్ల గుర్రం నాడా గుమ్మానికి కొడితే శని వదులుతుందని నమ్మే జనం మాత్రం నాడా కోసం గడ్డిమోపులు మోసుకొచ్చారు. అది మూఢనమ్మకమని ఊరూరా ఉపన్యసించిన మనిషే ఇప్పుడు వాళ్లకు పాత నాడాలు ఇస్తున్నారని విని, నిలదీద్దామని వెళ్లాను.

అప్పుడే ఒకామె గడ్డిమోపు దించి చేయి చాపింది.

"దీంట్ల మహిమ ఏం లేదమ్మా. ఉత్త ఇనుము," అన్నారాయన.

"నువ్వెప్పుడూ గట్లనే అంటవు తాతా. జల్దీ ఇయ్యి, శని మా ఇంట్ల పీటేసుకొని కూసున్నడు."

ఆమె వెళ్లాక, "ఏందన్నా ఇది? మనమే గిట్ల చేస్తే ఎట్ల?" అన్నాను.

"అవ్ తమ్మీ, సిగ్గయితాంది. కానీ మీ చప్పట్లు మేయదు గదా ఇది!"

ఆ మోపు ఎవరి నమ్మకమో అడక్కుండా, గుర్రం తల దూర్చి ఆబగా తింటోంది.