ఉత్త కాఫీ

ఈ ఉదయం థైరాయిడ్ మాత్ర మింగి, అలవాటుగా కాఫీ గ్లాసు మీద చెయ్యి వేయబోతే మా ఆవిడ దాన్ని లాగేసుకుంది. "పరగడుపున అన్నారు కదా! గంట ఆగండి." ఆ గంటను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే మా చిన్న మేనత్త గుర్తుకొచ్చింది.

కొన్నేళ్ల కిందట ఆమె హొసకోటెలోని తన పూల అంగడిని కోడలికి అప్పగించి, బొమ్మనహళ్ళిలో మా మూడో అంతస్తు ఇంటికి వచ్చింది. గర్భసంచి ఆపరేషన్ కావాలి. కానీ ఒంట్లో రక్తం లేదు. రక్తం పెరిగితేనే ఆపరేషన్, అదయితేనే అంగడి. నాలుగు రోజులని వచ్చిన మనిషి నెలల తరబడి మా బాల్కనీ ఊచల వెనక చిక్కుకుపోయింది. కింద హోసూరు రోడ్డు మీద కదలని బళ్లను చూస్తూ, "అవన్నా సాయంత్రానికి ఇల్లు చేరతాయప్పా. ఆ కోడలు కనకాంబరాలకు నీళ్లు చల్లతా ఉండాదో, సీరియల్ చూస్తా ఉండాదో!" అనేది. ఆమె ఊచల వెనక బందీ, నేను ఆమె నిట్టూర్పులకు బందీ.

ఐరన్ మాత్ర మాత్రం ఒక్క పూట తప్పలేదు. ఆమె వంటింట్లోకి వస్తే ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బొమ్మలు ఆమె వైపు తిరిగేవి. మా ఆవిడ నమ్మదు గానీ, నేను కళ్లారా చూశాను. అయినా ప్రతి పరీక్షలోనూ రక్తం ఉన్నచోటే ఉండేది. చివరికి డాక్టరమ్మకే అనుమానమొచ్చింది.

"మాత్ర నిజంగా వేసుకుంటున్నారా? ఏం తిని?"

"ఏమీ తినను తల్లీ, ఒట్టు. పరగడుపునే. ఉత్త కాఫీతో."

"కాఫీతోనా?"

"అది తాగేది కదమ్మా, తినేదా?" అని అత్త నా వైపు సాక్ష్యానికి చూసింది. మా వంశంలో కాఫీ ఏనాడూ తిండి కింద లెక్క కాదు. నేను తలూపాను. "కడుపు మండితే వెంటనే గ్యాస్ మాత్ర నమల్తా," అని ఆమె ఇంకో పుణ్యం కూడా చెప్పుకుంది.

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "ఐరన్ కరగాలంటే కడుపులో పులుపు ఉండాలమ్మా. మీ గ్యాస్ మాత్ర ఆ పులుపును చంపేస్తోంది. కరిగిన కాస్తనూ కాఫీ పట్టేసుకుంటోంది. ఇక రక్తంలోకి ఏం దాటుతుంది?"

అంటే అత్తలాగే ఆ మాత్ర కూడా బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గరే ఆగిపోయిందన్నమాట.

మర్నాటి నుంచి మాత్రకు నిమ్మకాయ నీళ్లు తోడయ్యాయి. గ్యాస్ మాత్ర సాయంత్రానికి జరిగింది. కాఫీ బాగా పొద్దెక్కాక. "ఇంట్లోనే జైలనుకుంటి, ఇప్పుడు నోటికీ తాళమా!" అని అత్త ఆ మధ్యలో గడియారాన్ని తిట్టని తిట్టు లేదు. రక్తం మాత్రం పెరిగింది. ఆపరేషన్ అయింది. అంగడికి తిరిగి వెళ్లేరోజు ఆటో ఎక్కి, "మల్లా రానప్పా నీ బోనుకి," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె ఊచలు పట్టుకుని నిలబడ్డ ఆ నెలలన్నీ ఎప్పుడు కరిగిపోయాయో తెలియనే లేదు. కాఫీకి ముందున్న ఈ ఒక్క గంటే గొంతులో మాత్రలా అడ్డంపడి కూర్చుంది.