రప్టా మీద ఎర్రగుడ్డ

ఇన్నేళ్లూ గుండెల మీద కుంపటి పెట్టుకుని బతికాను. ఇక మోయలేను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

కొంటా బజారుకూ మా గూడేనికీ మధ్య ఒక వాగుంది. గూడేన్ని మేం పారా అంటాం. మొదట్లో దుంగలు పరిచి దాటేవాళ్లం. తరువాత సిమెంటుతో రప్టా వేశారు. ఎత్తు తక్కువ కట్ట అది, పెద్ద వానొస్తే నీళ్లు దాని మీది నుంచే పోతాయి. అలాంటప్పుడు ముందుగా చూసినవాళ్లు ఒడ్డునున్న రాతికి ఎర్రగుడ్డ కడతారు. కట్టినవాళ్లే విప్పాలి. అది మా పారా కట్టుబాటు.

ఆ సంతరోజు పొద్దున గుడ్డ కట్టి ఉంది. నీళ్లు చూస్తే నా చీలమండ కూడా దాటలేదు. గుడ్డ ఉంటే పారావాళ్లు ఇప్పగింజలు తేరు, బజారులో అవి కొనే నా కొట్టు బోసిపోతుంది. విప్పి జేబులో పెట్టుకుని దాటిపోయాను. పైన కొండల్లో వాన పడుతోందని తెలియదా? తెలుసు. మరి ఎందుకు విప్పావురా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో, ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పుకుని ఎలా తప్పించుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

నా వెనకే మా పారా లచ్చయ్య గింజల కావడి ఎత్తుకుని బయలుదేరాడు. రప్టా నడుమ ఉండగా వాగు పొంగింది. మర్నాడు శబరి నది ఒడ్డున శవం దొరికింది.

అతని భార్య ముత్తమ్మ నా కొట్టుకొచ్చింది.

"సావుకారూ, గుడ్డ లేకుండెనా? ఉంటే మావోడు కాలు పెట్టడు గదా."

"గుడ్డ ఉండె ముత్తమ్మా. తాగి ఉన్నడు, చూసుకోలే."

"తాగిండా? పొద్దుగాలనా?"

నా మాటే నమ్మి వెళ్లిపోయింది. గుడ్డ కట్టినవాడు కట్టానని ఒట్టేశాడు. ఆ గుడ్డను వాగే ఊడ్చుకుపోయిందనుకున్నారు.

పారాలో చచ్చినవాళ్లకు రాయి నిలిపి ఇప్పసారా పోస్తారు. లచ్చయ్య రాతికి మాత్రం ముత్తమ్మ ఈనాటికీ పోయనివ్వదు. అదే తన మనిషిని తినేసిందంటుంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. లచ్చయ్యకు ఆపాటి మంచిమాట కూడా దక్కకుండా చేశాను.

ఇప్పుడు ఎత్తైన వంతెన వచ్చింది. రప్టాను పగలగొడుతున్నారు. పీడ పోయిందని అందరూ అంటుంటే, తేలుకుట్టిన దొంగలా నేనూ తలూపాను. ఛీ!

ముత్తమ్మ ఎదుట నిలబడే ధైర్యం ఇవాళ్టికీ లేదు. క్షమించమని నిన్ను అడగను, క్షమించాల్సింది నువ్వు కాదు. లచ్చయ్య తాగలేదు. గుడ్డ విప్పింది నేను.

కాస్త ఊపిరాడింది. అందుకూ సిగ్గుగానే ఉంది.